టినాలాక్‌పై కత్తెర ఎవరిది?

ఏటా జులై నాలుగో సోమవారం ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు పార్లమెంటు ఉభయసభల ముందు ప్రసంగిస్తారు. ఆయన ఏం చెప్పారన్నది ఎంత వార్తో, ఆ సభకు ఎవరు ఏం ధరించి వచ్చారన్నదీ అంతే వార్త. పురుషులు పైనాపిల్ నార బరోంగ్ చొక్కాల్లో, మహిళలు చేనేత గౌన్లలో కెమెరాల ముందు నిలబడతారు. ఈ దుస్తులకు కొన్నేళ్లుగా ‘సస్టెయినబుల్ ఫ్యాషన్’ అన్న పేరు కూడా తోడైంది. సహజమైన నార, చేతినేత, గిరిజన కళ... వింటే కాదనడానికేమీ లేదు. అయితే ఈ ఫ్యాషన్‌లో డిజైన్‌నూ వేగాన్నీ నిర్ణయించేది నేతగత్తెలా, కొనేవాళ్లా అన్నది మాత్రం తేలలేదు.

దక్షిణాన మిందనావ్ దీవిలోని లేక్ సెబు ప్రాంతం టిబోలి గిరిజనులది. వాళ్లు నేసే బట్ట పేరు టినాలాక్. దానికి ముడిసరుకు అబాకా. అది అరటి జాతి మొక్క, కానీ పండు తినడానికి పనికిరాదు. కాండం పొరల నుంచి నార తీసి, ఆరబెట్టి, సన్నని పోగులుగా చీల్చి, ఒక్కో పోగునూ మరోదానితో చేత్తో ముడివేస్తూ పోతారు. తర్వాత పడుగు పోగులకు లెక్క ప్రకారం కట్లు కట్టి, చెట్ల ఆకులతో నలుపు, వేళ్లతో ఎరుపు రంగు ఎక్కిస్తారు. కట్టు ఉన్నచోట నార అసలు రంగు మిగులుతుంది. నడుముకు కట్టుకునే మగ్గంపై నేశాక, గవ్వతో రుద్ది మెరుపు తెస్తారు. ఒక బట్ట పూర్తికావడానికి నెలలు పడుతుంది. కాగితం మీద గీసుకున్న నమూనా ఏదీ ఉండదు. అబాకాకు అధిదేవత అయిన ఫు దాలు కలలో కనిపించి డిజైన్ ఇస్తుందని టిబోలి స్త్రీల విశ్వాసం. వంద డిజైన్లు కంఠతా వచ్చిన లాంగ్ దులాయ్‌కి 1998లో ప్రభుత్వం జాతీయ జీవన సంపద పురస్కారం ఇచ్చింది. ఆమె 2015లో కన్నుమూశారు.

ఫ్యాషన్ రంగానికి మింగుడుపడని సంగతి ఇక్కడే ఉంది. టినాలాక్‌ను దాటకూడదు, కోయకూడదు. కోస్తే రోగమో మరణమో వస్తుందని నమ్మకం. అమ్మాల్సి వస్తే దేవతల శాంతి కోసం బట్టకు ఇత్తడి ఉంగరం కడతారు. మరి జాకెట్, బ్యాగు, చెప్పులు కుట్టాలంటే కత్తెర పడక తప్పదు కదా! దీన్ని మూఢనమ్మకమని పక్కన పెట్టేయడం తేలిక. కానీ ‘తుక్కు మిగలని డిజైన్’ అంటూ ఫ్యాషన్ పాఠశాలలు ఇప్పుడు నేర్పుతున్నది, బట్టను ముక్కలు చేయకుండా పూర్తి పన్నాతో వాడడమే. ఆ క్రమశిక్షణ టిబోలి ఆచారంలో ముందునుంచీ ఉంది. పన్నా కొలతకు తగ్గట్టు డిజైన్‌ను మార్చుకునేవారు నేతగత్తెకు విలువ ఇస్తున్నట్టు లెక్క. డిజైన్‌కు తగ్గట్టు బట్టను కోసేవారు ఆ బట్ట కథను మాత్రమే కొంటున్నారు.

గిరిజనుల సంస్కృతిని వాడుకోవాలంటే వాళ్ల ముందస్తు అంగీకారం ఉండాలని 1997 నాటి ఆదివాసీ హక్కుల చట్టం చెబుతోంది. అయితే కలలో పుట్టిన నమూనాను పాలిస్టర్‌పై యంత్రంతో ముద్రించి అమ్మడానికి ఏ కలా అక్కర్లేదు. అది ఏ ఊరి ఫ్యాక్టరీలో జరిగిందో లేక్ సెబు నేతగత్తెకు తెలిసే దారీ లేదు.

ఉత్తరాన అక్లాన్ రాష్ట్రంలోని కలిబో పట్టణం పైనాపిల్ నార నేతకు కేంద్రం. 2023 డిసెంబరులో యునెస్కో దీన్ని మానవాళి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది. డబ్బాల్లో నింపే పండ్ల తోటల వ్యర్థాల నుంచే ఈ నార వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సంప్రదాయ నేతకు వాడేది రెడ్ స్పానిష్ అనే వేరే రకం. దాని ఆకును పగిలిన పింగాణీ పెంకుతో గీకి పైనార, ఆ లోపల ఉండే సన్ననార తీయాలి. వెంట్రుక లాంటి ఆ పోగు మగ్గంపై ఇట్టే తెగిపోతుంది. అందుకే అసలు సిసలు బరోంగ్ ధర సామాన్యుడికి అందదు. పెళ్లిళ్లలో కనిపించే చాలా బరోంగ్‌లు దిగుమతి చేసుకున్న ఆర్గంజాతోనో పాలిస్టర్‌తోనో కుట్టినవి.

చేనేత అయినంత మాత్రాన పర్యావరణ హితమని చెప్పడానికీ లేదు. ఇలోకోస్ ప్రాంతంలో పేరుపొందిన ఇనాబెల్ నూలు నేతనే చూడండి. ఫిలిప్పీన్స్‌లో పత్తి సాగు నామమాత్రం. నూలు బయటి నుంచి రావాల్సిందే, చాలా మగ్గాలపై పాలిస్టర్ కలిసిన దారమే ఆడుతోంది. చేయి స్థానికమే, దారం విదేశీ. డిజైనర్లు లేబుల్‌పై మొదటిది రాస్తారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనలేం. సర్కారు ఉద్యోగుల యూనిఫాంలకు స్వదేశీ సహజ నారలు కలిసిన బట్ట వాడాలని 2004లోనే చట్టం తెచ్చారు. కానీ ఆ చట్టం కోరేది నారనే తప్ప చేతినేతను కాదు. మిల్లులో నేసిన మిశ్రమ బట్టా అందులోకి వచ్చేస్తుంది. అంతకంటే పాత చట్టం ఇంకొకటుంది. వాడిన దుస్తుల వాణిజ్య దిగుమతిని 1966లోనే నిషేధించారు. అయినా ‘ఉకాయ్-ఉకాయ్’ దుకాణాలు ప్రతి పట్టణంలోనూ కళకళలాడుతూనే ఉన్నాయి. ధనిక దేశాలు వదిలించుకున్న చొక్కా అక్కడ కారుచౌకగా దొరుకుతుంటే, నెలలు పట్టే బట్టను సామాన్యుడు కట్టుకుంటాడని ఆశించలేం. అందుకే టినాలాక్‌కు మిగిలింది పర్యాటకులు, ఎగుమతిదారులు, ఆ జులై సోమవారం నాటి అతిథులు.

తెలుగు పాఠకులకు ఈ చిక్కు కొత్త కాదు. పోచంపల్లి, పుట్టపాకల్లో దారానికి ముందే కట్లు కట్టి రంగులో ముంచే పద్ధతి టినాలాక్‌కు దగ్గరి చుట్టమే. పోచంపల్లికి జీఐ గుర్తింపు వచ్చి రెండు దశాబ్దాలైంది. కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయించిన 1985 నాటి చట్టం కూడా మన దగ్గర ఉంది. అయినా ఆ డిజైన్‌ను అచ్చువేసిన చీర సగం ధరకు కూడా కాదు, అంతకంటే చౌకగా దొరుకుతోంది. ఫిలిప్పీన్స్ జీఐ నిబంధనలు 2022లో వచ్చాయి. వాటి కింద నేత బట్టలు నమోదైతే, పేరు వాడే హక్కు నేతగత్తెల సంఘాలకు దక్కుతుందా, వాళ్ల దగ్గర కొని అమ్మే వ్యాపారులకు దక్కుతుందా అన్నది దరఖాస్తు ఎవరి పేరిట పడుతుందన్నదానిపైనే ఆధారపడి ఉంటుంది. అబాకా కోసం పోటీ కూడా తక్కువేమీ కాదు. టీ బ్యాగులకూ కరెన్సీ నోట్ల కాగితానికీ కావాల్సింది ఇదే నార. ఆ కొనుగోలుదారులు టన్నుల్లో కొంటారు.