అరిస్తే సర్వరు లేస్తుందా?

"గట్టిగా లేకుంటే మన సీమలో పని కాదప్పా." కర్నూలు కలెక్టరేటు బయట టీ కొట్టు దగ్గరైనా, కడప ఏడు రోడ్ల కూడలిలోనైనా ఆఫీసుల ఊసు వచ్చిందంటే ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. తిట్టే ఆఫీసరుకు మన దగ్గర ఉన్న మర్యాద ఇంతా అంతా కాదు. "కోపిష్టే గానీ పని రాబడతాడు" అని మురిసిపోతూ చెప్తారు. ఆయన కింద కంప్యూటర్లు చూసుకునే కుర్రాడు ఏం చెప్పినా అది సాకే. సర్వర్ డౌన్ అన్నాడంటే సోమరి, నెట్ రావడం లేదన్నాడంటే పనిదొంగ. నాలుగు తగిలిస్తే అన్నీ అవే వస్తాయని నమ్మకం.

ఈ మెచ్చుకోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తిట్టు వల్ల మనసు నొచ్చుకుంటుందన్న సంగతి పక్కన పెడదాం, దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నా తగాదా వేరు. తిట్టే బాసు దగ్గర యంత్రాలు ఎక్కువ చెడతాయి, తప్పులు ఎక్కువకాలం దాగుతాయి, ఆ ఖర్చు జనం నెత్తిన పడుతుంది. పని రాబడతాడన్న మాటే అబద్ధం.

ముందు ఆ కుర్రాడి పని ఏమిటో చూడాలి. కాగితం మీద డేటా ఎంట్రీ ఆపరేటరు. ఉద్యోగం అవుట్‌సోర్సింగు. 2020 జూలైలో ప్రభుత్వ అవుట్‌సోర్సింగు సంస్థ ఆప్కాస్ మొదలయ్యాక చాలామందికి జీతం అటువైపు నుంచి రావడం మొదలైంది, అంతకుముందు ఏజెన్సీవాడి దయ. పదింటికి వీసీ, అంటే వీడియో కాన్ఫరెన్సు, ఉంటే తొమ్మిదికే వచ్చి లింకు కలపాలి, మైకు చూడాలి. ఈ-ఆఫీసులో ఫైలు కదలకపోయినా అతనే, బయోమెట్రిక్‌లో వేలిముద్ర పడకపోయినా అతనే, ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా అతనే. సారు కూతురికి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేదీ అతనే. ఈ చివరిది ఏ జాబ్ చార్టులోనూ కనిపించదు గానీ, ఇందులో తేడా వస్తే మాత్రం మిగతా అన్నిటికంటే పెద్ద తిట్లు పడతాయి.

యూపీఎస్ సంగతే తీసుకోండి. ఆఫీసు యూపీఎస్‌లలో ఎక్కువగా ఉండేవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. 25 డిగ్రీల వేడిని బట్టి వాటి ఆయుష్షు లెక్కగడతారు. అక్కడి నుంచి ప్రతి పది డిగ్రీలకూ ఆ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఆ పని తెలిసినవాళ్ల లెక్క. కర్నూలు, కడపల్లో మే నెలలో 42, 43 డిగ్రీలు వింతేమీ కాదు. ఏసీ సారు గదిలో ఉంటుంది. యూపీఎస్ మెట్ల కింద, పాత ఫైళ్ల మూటల పక్కన ఉంటుంది. నాలుగేళ్లు రావాల్సిన బ్యాటరీ రెండో ఎండాకాలానికే చేతులెత్తేస్తుంది.

కుర్రాడికి ఇది జనవరిలోనే తెలుసు. కరెంటు పోయినప్పుడు సిస్టం ఎన్ని నిమిషాలు నిలబడుతోందో చూస్తున్నవాడు కదా. బ్యాటరీలు మార్చాలని నోటు పెడతాడు. "మొన్ననే కదరా కొనింది? నీకు చూసుకునేది చేతకాక నా నెత్తిన రుద్దుతావా?" అని నలుగురిలో కడిగేస్తారు. మేలో కలెక్టరు వీసీ మధ్యలో కరెంటు పోతుంది, తెర నల్లబడుతుంది, మళ్లీ తిట్లు. ముందు చెప్తే రెండుసార్లు తిట్లు, చెప్పకుంటే ఒకటేసారి. లెక్క తెలిసినవాడు మరుసటి ఏడు జనవరిలో నోటు పెడతాడా? తిట్టే బాసు దగ్గరే పని నేర్చుకుంటారంటారు కదా, నేర్చుకునేది ఇదీ.

1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద పని చేసింది. మంచి పెద్ద ఉన్న వార్డుల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె అనుకుంది. లెక్క తిరగబడింది, ఆ వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఆరా తీస్తే, అక్కడి నర్సులు జరిగినదాన్ని జరిగినట్టు చెప్తున్నారు. భయం ఉన్నచోట పొరపాటు జరుగుతుంది, రిజిస్టరులోకి రాదు. 1996లో అచ్చయిన ఆ పరిశోధనను మన ఆఫీసుల మీద పెట్టి చూడండి. "నా ఆఫీసులో ఒక్క కంప్లయింటు లేదు" అని మీసం తిప్పే సారును చూసినప్పుడల్లా నాకు ఆ వార్డులు గుర్తొస్తాయి.

బ్యాటరీ పోతే పోయింది, మళ్లీ కొనుక్కోవచ్చు. డాంగిల్ సంగతి అలా కాదు. ఆదాయ ధ్రువపత్రం కావచ్చు, భూమి మ్యుటేషన్ కావచ్చు, ఆఫీసరు డిజిటల్ సంతకం లేనిదే బయటికి రాదు. ఆ సంతకం ఒక చిన్న యూఎస్‌బీ ముక్కలో ఉంటుంది, దానికి ఒక పిన్ ఉంటుంది. ఎన్నో ఆఫీసుల్లో ఆ ముక్క ఆపరేటరు సొరుగులోనూ, ఆ పిన్ ఆపరేటరు నోట్లోనూ ఉంటాయన్నది రెవెన్యూ ఆఫీసు మెట్లెక్కిన ఎవరికైనా తెలిసిన రహస్యమే. 2000 నాటి ఐటీ చట్టం 42వ సెక్షన్ మాత్రం ప్రైవేటు కీ చేతులు మారకుండా చూసుకోవాల్సింది సంతకం ఎవరిదో వాళ్లేనంటోంది. కీ ఇంకొకరి చేతిలో పడితే వెంటనే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు తెలపాలి, తెలిపేదాకా బాధ్యత వాళ్లదే.

"సార్, మీ డాంగిల్ మీ దగ్గరే పెట్టుకోండి, సంతకాలు మీరే చేయండి" అనాల్సింది ఈ కుర్రాడే. అనగలడా? జీతం ఈ నెల వస్తుందో వచ్చే నెల వస్తుందో తెలియనివాడు, పొద్దున్నే ప్రింటరు గురించి తిట్లు తిన్నవాడు, చట్టం సెక్షను చదివి వినిపిస్తాడా? రోజుకు వంద సంతకాలు చేసి పెడతాడు. ఎక్కడో ఒక భూమి ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారుతుంది. అప్పుడు సారు చెప్పే మొదటి మాట, "ఆపరేటరు తప్పిదం." గట్టి బాసు అంటే తన సంతకం తాను పెట్టేవాడు కావాలి కదా!

భయంతో నోరు మూసుకోవడం వైరస్‌ల దగ్గర ఇంకా ప్రమాదం. 2017 మేలో వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. 2022 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కొత్త నిబంధన తెచ్చింది, సైబర్ దాడి తెలిసిన ఆరు గంటల్లో తనకు చెప్పాలని. ఏ లింకు నొక్కినందుకు వైరస్ వచ్చిందో చెప్తే ఉద్యోగం పోతుందనుకునేవాడికి ఆరు గంటలు కాదు, ఆరు నెలలిచ్చినా నోరు పెగలదు.

"అన్నీ సరే, సర్వర్ డౌన్ అని అబద్ధం చెప్పేవాళ్లు లేరా?" అంటారు. ఉన్నారు. టీకి పోయి సర్వర్ మీదకు నెట్టేవాళ్లను నేనూ చూశాను. అయితే అబద్ధాన్నీ నిజాన్నీ వేరు చేసేది గొంతు కాదు. ఎన్ని గంటలకు ఆగింది, తెర మీద ఏం వచ్చింది, పైవాళ్లకు ఎవరు ఫోను చేశారు, ఎప్పుడు తిరిగొచ్చింది, ఇవి రాసుకునే ఒక రూళ్ల పుస్తకం చాలు. నెల తిరిగేసరికి సోమరి ఎవడో, సర్వరు ఎంతసేపు పడుకుందో పుస్తకమే చెప్తుంది. అరిచే సారు ఈ పుస్తకం పెట్టడు, ఎందుకంటే అందులో ఆయన కోపానికి చోటుండదు.

సిస్టంలో తప్పుందన్న ప్రతి మాటనూ సాకు కింద కొట్టిపారేస్తే ఏమవుతుందో బ్రిటన్ పోస్టాఫీసు చూపించింది. 1999 నుంచి అక్కడ ఫుజిట్సు తయారుచేసిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేరు పెట్టారు. అది లేని లోట్లు చూపించింది. సబ్‌పోస్ట్‌మాస్టర్లు హెల్ప్‌లైనుకు ఫోను చేస్తే, ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వచ్చిందని చెప్పారట. యాజమాన్యం మాత్రం సిస్టం భేషుగ్గా ఉందని పట్టుబట్టింది. 900 మందికి పైగా దొంగతనం, మోసం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్షలు పడ్డాయి. సీమా మిశ్రా అనే భారత సంతతి మహిళను 2010లో గర్భవతిగా ఉండగానే జైలుకు పంపారు. సాఫ్ట్‌వేరులో లోపాలున్నాయని లండన్ హైకోర్టు 2019 డిసెంబరులో తేల్చింది. వందలాది శిక్షలను ఒక్కపెట్టున కొట్టేయడానికి 2024లో పార్లమెంటు చట్టమే చేయాల్సి వచ్చింది. దేశం వేరు, భాష వేరు. వినకపోవడం మాత్రం మన సారు వినకపోవడమే.

ఇక చివరి సమర్థన, బాసు మీదా ఒత్తిడి ఉంటుందని. నిజమే. పెండెన్సీ ఎందుకుందని వీసీలో జిల్లా అంతటి ముందు నిలదీస్తే ఎవరికైనా చెమట పడుతుంది. కానీ ఆ ఒత్తిడిని ఆయన ఎటు పంపుతున్నాడు? సీమకు గట్టి దొర కావాలనేవాళ్లు థామస్ మన్రోను తలుస్తారు, పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్న నేల ఇది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల (సీమకు అప్పటి పేరు) కలెక్టరుగా శిస్తు వసూలులో ఆయనా తక్కువవాడు కాదు. అయితే 1807లో వెళ్లబోతూ, ఈ శిస్తు రైతు మోయలేడు, నాలుగో వంతు తగ్గించండి అని తన పైవాళ్లకే రాశాడు. వాళ్లు వినలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరయ్యాక అమలు చేశాడు. మన వీసీల్లో "సార్, బ్యాటరీలకు డబ్బు రాలేదు, అందుకే లైను తెగింది" అని పైకి చెప్పే గట్టి ఆఫీసరును చూపించండి. పైకి "ఎస్ సార్", కిందికి "ఏంరా". దీన్ని గట్టితనం అనడం నాకు చేతకాదు.

"ఇష్టం లేకుంటే మానుకోమను, బెంగళూరు ఎంత దూరం?" అంటారు మరికొందరు. దూరమేమీ లేదు, కర్నూలులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అక్కడ ఉంటారు. ఎక్కేదెవరు? నెట్‌వర్కింగు బాగా వచ్చినవాడు. ఆలూరులో ముసలి తల్లిదండ్రులున్నవాడూ, చంటిపిల్ల ఉన్న ఆడమనిషీ ఉండిపోయి తిట్లు తింటారు. పోయినవాడి తలతో పాటు రూటరు పాస్‌వర్డు పోతుంది, ఏ కేబులు ఏ గదికి వెళ్తుందో పోతుంది, ఏ స్కానరును ఎక్కడ తడితే పలుకుతుందో అదీ పోతుంది. రాసిపెట్టమని ఎవరూ అడగలేదు, అడిగితే రాసిచ్చేంత మంచితనం ఆ గదిలో మిగల్లేదు. సోమవారం పదింటికి వీసీ ఉంటుంది. తొమ్మిదిన్నరకు కొత్త కుర్రాడు బెంగళూరుకు ఫోను చేస్తాడు, "అన్నా, ఆ పాస్‌వర్డు ఏందో చెప్పన్నా, సారు సంపేట్టున్నాడు." చెప్పాలో వద్దో ఇప్పుడు ఆ అన్న ఇష్టం.