పొదిగే పెట్టకు రోగం అంటగట్టకండి

గుడ్లు పెట్టడం ఆపి గూట్లో కూర్చున్న పెట్టకు ‘వైద్యం’ చెప్పేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. చన్నీళ్లలో ముంచమని ఒకరంటారు. ఈక పీకి ముక్కులో దూర్చమని ఇంకొకరంటారు. కాలికి తాడు కట్టి ఎండలో పడేయమని మరొకరంటారు. ఈ మూడూ క్రూరమే, మూడూ అనవసరమే. అంతకన్నా పెద్ద తప్పు వీటి వెనకున్న ఆలోచనలో ఉంది. పొదగడం కోడిలోని లోపమట, గుడ్డొక్కటే లాభమట! ఈ లెక్క మన గూడేలది కాదు, ఫారాలది.

తెల్ల లెగ్‌హార్న్ లాంటి జాతుల్లో పొదిగే పెట్టలను తరతరాలుగా ఏరి తీసేశారు. ఫారం కోడి ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది, పొదగడం మాత్రం దాదాపు మరిచిపోయింది. ఫారం యజమానికి దానితో పనిలేదు. ఆయనకు కరెంటుంది, పిల్లలను తీసే యంత్రం ఉంది, మేత లారీలో వస్తుంది. మందస కొండల్లోని సవర ఇంటికి, సీతంపేట పక్క జాతాపు ఇంటికి ఆ యంత్రం ఎక్కడుంది? మన పెట్టే మన యంత్రం. అది 21 రోజులు కూర్చుని పిల్లలను లేపుతుంది, ఆ తర్వాత గద్ద నుంచి కాస్తుంది, చెదలు, పురుగులు ఏరుకోవడం నేర్పుతుంది. కరెంటు బిల్లు అడగదు.

ఇంకో సంగతి ఆలోచించండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను పెరటి పెంపకం కోసమే తయారుచేసింది. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే గ్రామప్రియ 200 దాటి పెడుతుంది. మంచిదే, కాదనను. కానీ ఇవి సాధారణంగా పొదగవు. చచ్చిన కోడి స్థానంలో కొత్త పిల్ల కావాలంటే మళ్లీ హేచరీకే పోవాలి. లేదంటే వాటి గుడ్లను నాటుపెట్ట కిందే పెట్టాలి. పొదిగే పెట్ట గూడెంలో లేకుండా పోయిన రోజున, విత్తనం కోసం కంపెనీ గుమ్మం ఎక్కిన రైతు గతే మన కోళ్లకూ పడుతుంది.

ఈ లెక్కలో ఎక్కువ నష్టపోయేది ఆడవాళ్లు. భూమి పట్టా మగవాడి పేరున ఉంటుంది, జీడిపిక్కల డబ్బు షావుకారి బాకీకి పోతుంది. కోటబొమ్మాళి సంతకో, టెక్కలి, పలాస బజారుకో ఆమె పట్టుకుపోయే పుంజు మాత్రం ఆమెదే. నోటుపుస్తకాలు, ఆటో ఖర్చు, మందుబిళ్లలు అందులోంచే వస్తాయి. ఆ పుంజు ఏదో ఒక పెట్ట కింద పిల్లయిందే కదా.

‘ఇంట్లో పసిపిల్లకు ఈ రోజు గుడ్డు కావాలి, మూడు నెలలు ఎలా ఆగుతాం?’ అని ఒక తల్లి అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. పొదిగి, పిల్లలను సాకి, మళ్లీ గుడ్లకు రావడానికి పెట్టకు మూడు నెలలు పట్టేమాట నిజం. అందుకే అన్ని పెట్టలనూ పొదగనివ్వమని నేననను. ఏ పెట్ట పొదగాలో, ఏది గుడ్లకు మళ్లాలో ఇంటావిడ నిర్ణయించుకోవాలి అంటాను.

మళ్లించే పద్ధతిలో హింస అక్కర్లేదు. చీకటి గూడు, వెచ్చదనం, పొట్టకు తగిలే గుడ్లు, వీటివల్ల పెట్ట ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి గుడ్లు పెట్టడం ఆగుతుంది. కాబట్టి గుడ్లు ఏ రోజువి ఆ రోజు తీసేయాలి. పెట్ట గూడు వదలడం లేదని గమనించిన మొదటి రోజునే, సందులున్న వెదురు బద్దల అడుగుతో బుట్ట కట్టి, నేలకు ఎత్తుగా, వెలుతురున్న నీడలో అందులో పెట్టాలి. కింద గడ్డి వేయకూడదు. పొట్టకు గాలి తగలాలి. మేత, నీళ్లు ఎప్పుడూ ఉండాలి. మూడు నాలుగు రోజుల్లో చాలావరకు వదిలేస్తుంది, మళ్లీ గూట్లోకి పోతే ఇంకో రెండు రోజులు ఉంచాలి. తర్వాత కొద్ది వారాల్లో గుడ్లకు వస్తుంది. రెండు పెట్టలను ఒకేసారి పొదగేస్తే, పిల్లలు లేచిన రాత్రే అన్నిటినీ ఒకదాని కిందకు చేర్చి రెండోదాన్ని ఇలాగే మళ్లించవచ్చు.

అసలు దొంగ పొదుగు కాదు. పది పిల్లలు లేస్తే మూడో నాలుగో మిగలడానికి కారణం గద్ద, ముంగిస, అన్నిటికన్నా ముఖ్యంగా కొక్కెర తెగులు. దానికి టీకా ఉంది. వారం లోపు పిల్లకు కంట్లో ఒక్క లసోటా చుక్క, ఎనిమిది వారాలకు ఆర్‌టుబి సూది. కానీ ఒక సీసాలో వంద కోళ్లకో, అంతకన్నా ఎక్కువకో మందు ఉంటుంది. చల్లగా తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. అయిదు కోళ్లున్న ఇంటికి ఒక సీసా ఎవరూ తేరు. ఇక్కడే పథకాలు ఓడిపోతున్నాయి. పిల్లలను పంచి ఫొటో దిగడం తేలిక, ఐస్ పెట్టెలో టీకాను కొండెక్కించడం కష్టం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ కష్టమైన పని మనం చేయగలం. మీ గూడెంలో ఏ ఇంట్లో ఎన్ని కోళ్లున్నాయో రాయండి. ఆ జాబితాతో పశువైద్యశాలకు వెళ్లి ఒక తేదీ అడగండి. కోళ్లు గంపల కింద ఉండగానే, తెల్లవారుజామున గూడెమంతటికీ ఒకేసారి టీకా వేయించండి. ఉపాధ్యాయులకు ఒక మనవి: కోడి పాఠం వచ్చినప్పుడు ఎన్ని గుడ్లు పెడుతుందో మాత్రమే అడగకండి. ఏ పెట్టను పొదగేయాలో ఎలా తెలుస్తుందో ఇంట్లో అవ్వను అడిగి రమ్మని పిల్లలకు చెప్పండి. ఆ జవాబులు బడి పుస్తకంలో లేవు. వాటిని నల్లబల్ల మీద రాయండి.