వేలిముద్ర వేస్తే సమ్మతి అయిపోతుందా?

బిడ్డకు ఆపరేషన్ వద్దని తల్లిదండ్రులు అంటే, మెయిన్స్ జవాబుల్లో మనం రాసేది ఒకటే: నిరక్షరాస్యత, మూఢనమ్మకం. ఇది సోమరి జవాబు.

చికిత్స ఏమిటి, ముప్పెంత, వేరే మార్గం ఉందా, వద్దంటే ఏమవుతుంది? ఇవి చెప్పాకే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పన్నెండేళ్లలోపు పిల్లల తరఫున ఆ సమ్మతి సంరక్షకులదే (భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 27). బీజాపూర్ జిల్లా తర్లగూడలో తెలుగు మాట్లాడే తల్లి చేత హిందీ కాగితంపై వేలిముద్ర వేయిస్తే, ఈ నాలుగింటిలో ఆమెకు తెలిసిందెంత?

హక్కుకు హద్దు ఉంది, కాదనను. అత్యవసరంలో సంరక్షకులు సమయానికి దొరక్కపోతే సెక్షన్ 30 డాక్టరుకు రక్షణ. కానీ ఎదురుగా నిలబడి వద్దంటున్న తండ్రి సంగతి అందులో లేదు. అప్పుడు బాలల సంక్షేమ కమిటీ, లేదా హైకోర్టు. అది బిలాస్‌పూర్‌లో, రాష్ట్రానికి ఆ కొసన! అంతదూరం వెళ్లేలోగా బిడ్డ పరిస్థితి?

అందుకే నా వాదన: సమ్మతి పత్రం తెలుగులో, గోండిలో చదివి వినిపించాలి, వివాదం జిల్లాలోనే గంటల్లో తేలాలి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. అవి చేతికొస్తే గోదావరి దాటి ఏటూరునాగారంలో ఇంకో డాక్టరుకైనా చూపించుకోవచ్చు.