మారని 1.60.. మారిన లెక్కలు: మూడు దశాబ్దాల నేపాల్ రూపాయి

పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రలకు వెళ్లే తెలుగువారికి నేపాల్‌లో అడుగుపెట్టగానే తెలిసే లెక్క 1.60. దుకాణంలో ధర చెప్పగానే అది ‘ఐసీ’యా, ‘ఎన్‌సీ’యా అని అడగాలి. ఐసీ అంటే భారత కరెన్సీ, ఎన్‌సీ అంటే నేపాలీ కరెన్సీ. వంద భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయలు. 1993 ఫిబ్రవరి నుంచి ఈ అధికారిక రేటు పైసా కూడా మారలేదు.

ఆ ఏడాది డాలర్ విలువ భారత్‌లో దాదాపు 31 రూపాయలు, నేపాల్‌లో సుమారు 50. ఇప్పుడు మన దగ్గర డాలర్ 90 రూపాయలైతే నేపాల్‌లో అది 144. ఇందులో నేపాల్ ప్రమేయం ఏమీ ఉండదు. ముంబై మార్కెట్‌లో రూపాయి పడితే ఖాట్మండులో కూడా అంతే శాతం పడుతుంది.

అంతకుముందు ఎన్నో మార్పులు

ఈ బంధం మొదటి నుంచీ ఇంత గట్టిగా లేదు. నేపాల్ కేంద్ర బ్యాంకు ‘నేపాల్ రాష్ట్ర బ్యాంక్’ 1956లో ఏర్పడే నాటికి దేశంలో చాలాచోట్ల భారత రూపాయే చెలామణిలో ఉండేది. సొంత కరెన్సీకి చోటు కల్పించేందుకు 1960లో వంద భారత రూపాయలకు 160 చొప్పున రేటు ఖరారు చేశారు.

ఆరేళ్లకే దానికి గట్టి దెబ్బ తగిలింది. 1966 జూన్ 6న భారత్ తన రూపాయి విలువ తగ్గించింది. డాలర్ రేటు 4.76 నుంచి 7.50 రూపాయలకు చేరింది. నేపాల్ వెంటనే ఆ బాట పట్టలేదు. దాంతో ఒక్కసారిగా వంద భారత రూపాయలు కేవలం 101 నేపాలీ రూపాయలకు సమానమయ్యాయి. కాగితం మీద నేపాల్ కరెన్సీ బలపడింది కానీ, ప్రధాన మార్కెట్ అయిన భారత్‌లో దాని సరుకులు ఖరీదైపోయాయి. ఏడాదిన్నర తిరక్కుండానే, 1967 డిసెంబర్‌లో నేపాల్ కూడా విలువ తగ్గించి రేటును 135కు తెచ్చింది.

1983లో పద్ధతినే మార్చి, ఒక్క భారత రూపాయికి బదులు కొన్ని కరెన్సీల బుట్టతో ముడిపెట్టింది. ఆ ప్రయోగం మూడేళ్లు మించి నిలవలేదు. 1985 నవంబర్‌లో రేటు 170కి వెళ్లింది. భారత్ విలువ తగ్గించిన 1991 జులైలో 165 అయింది. 1993లో తిరిగి 160 దగ్గర ఆగింది. అంటే 1960 నాటి అంకెకే మళ్లీ వచ్చి చేరింది.

ఎందుకు ముడి?

రెండు దేశాల మధ్య 1,700 కిలోమీటర్లకు పైగా తెరిచి ఉన్న సరిహద్దు ఉంది. 1950 ఒప్పందం ప్రకారం ఇరుదేశాల ప్రజలు వీసా లేకుండా రాకపోకలు సాగిస్తారు, పనులు చేసుకుంటారు. నేపాల్ విదేశీ వాణిజ్యంలో దాదాపు మూడింట రెండు వంతులు భారత్‌తోనే. పెట్రోల్, డీజిల్ ఇండియన్ ఆయిల్ నుంచే వస్తాయి. ఇలాంటి చోట రేటు రోజూ ఊగిసలాడితే సరిహద్దు వ్యాపారం, ధరలు గందరగోళమవుతాయి. స్థిరమైన రేటు ధరలకు లంగరులా పనిచేస్తుంది. అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ కూడా ఈ విధానాన్ని సమర్థిస్తూ వచ్చింది.

అయితే ఈ భద్రత ఉచితంగా రాదు. రేటు నిలబెడతామన్నది నేపాల్ ఇచ్చిన హామీయే తప్ప భారత్‌ది కాదు. రిజర్వ్ బ్యాంక్ భారత్ అవసరాలు చూసుకుంటుంది. 2013 వేసవిలో అమెరికా ఫెడరల్ రిజర్వ్ సంకేతాలకు విదేశీ పెట్టుబడులు వెనక్కి మళ్లి, మే ఆరంభంలో 54 దగ్గరున్న డాలర్ ఆగస్టు చివరికి 68 రూపాయలు దాటింది. అలాంటి పెట్టుబడులు పెద్దగా లేని నేపాల్ కరెన్సీ కూడా అదే నిష్పత్తిలో పడిపోయింది.

హామీ నిలబెట్టుకునే భారం కూడా నేపాల్‌దే. దిగుమతులకు చాలినన్ని భారత రూపాయలు లేనప్పుడు రాష్ట్ర బ్యాంక్ డాలర్లు అమ్మి వాటిని కొంటుంది. ఆ డాలర్లు ప్రధానంగా గల్ఫ్, మలేషియా తదితర దేశాల్లో పనిచేసే నేపాలీలు పంపేవి. ఈ సొమ్ము స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు నాలుగో వంతు. ఎగుమతుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్న దిగుమతుల బిల్లును తీరుస్తున్నది చాలావరకు వీరి చెమటే.

రేటు కదిపితే ఎవరికి నష్టం?

2022 పరిస్థితి ఈ ఏర్పాటుకు పరీక్ష పెట్టింది. విదేశీ మారక నిల్వలు తరగడంతో ఆ ఏప్రిల్‌లో నేపాల్ కార్లు, మద్యం, ఖరీదైన ఫోన్ల వంటి దిగుమతులను నిషేధించింది. డిసెంబర్ దాకా ఆంక్షలు కొనసాగాయి. రేటును కాపాడేందుకు సరుకులను ఆపాల్సి వచ్చింది. అదే సమయంలో శ్రీలంక, డాలర్‌ను సుమారు 200 రూపాయల వద్ద నెలల తరబడి బలవంతంగా పట్టి ఉంచి, నిల్వలు అడుగంటాక మార్చిలో వదిలేసింది. మే నాటికి అది 360 దగ్గరికి ఎగబాకింది. నేపాల్‌కు ఆ గతి పట్టలేదు. వలస కార్మికుల సొమ్ము ఆదుకోవడం, విదేశీ అప్పులో ఎక్కువ భాగం చౌక వడ్డీకి దొరికిన దీర్ఘకాలిక రుణాలే కావడం అందుకు ముఖ్య కారణాలు.

నేపాలీ రూపాయి విలువను తగ్గించాలన్న వాదన కూడా ఉంది. అక్కడ ధరలు భారత్ కంటే వేగంగా పెరిగిన ప్రతిసారీ, రేటు మారదు కాబట్టి, నేపాల్ సరుకు మరికొంత ఖరీదవుతుంది. కానీ రేటు 180కి మార్చారనుకుంటే భారత్ నుంచి వచ్చే బియ్యం, కూరగాయలు, డీజిల్ ధరలు ఆ వారమే పెరుగుతాయి. ఎగుమతులు పెరగాలంటే ముందు అమ్మడానికి సరుకు తయారుచేసే ఫ్యాక్టరీలుండాలి. లాభం ఎప్పుడో వస్తుంది, నష్టం వెంటనే పేదల మీద పడుతుంది. అందుకే ఏ ప్రభుత్వమూ ఆ అంకెను ముట్టుకోవడం లేదు.

1.60 సరైన రేటా కాదా అన్న చర్చ కంటే ముందు, ఆ స్థిరత్వం కొనిపెట్టిన సమయాన్ని ఎలా వాడుకున్నారన్నది తేలాలి. ఉపాధి సృష్టించాల్సిన ఆ మూడు దశాబ్దాల్లో యువత విమానాశ్రయాల ముందు బారులు తీరింది. వాళ్లు పంపే డబ్బు ఆగనంత కాలం ఈ ముడి వీడదు. దాన్ని వదులు చేసుకునే స్వేచ్ఛ నేపాల్‌కు రావాలంటే, వాళ్లకు ఇంటి దగ్గరే పని దొరకాలి.