తరిమేసిన ఊరికి తిరిగి వెళ్లే హక్కు

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నుంచి పడమరగా ఖర్కాయి నది, ఆదిత్యపూర్ దాటితే గమ్హారియా ప్రాంతం. ఛుట్నీ మహతోది ఆ ప్రాంతమే. 1995లో ఊరివాళ్లు ఆమెను ‘డాయన్’ (మంత్రగత్తె) అన్నారు. 500 రూపాయల జరిమానా కట్టించుకున్నారు. అయినా వదల్లేదు. కొట్టారు, మలం తినిపించబోయారు. పిల్లలను వెంటబెట్టుకుని ఆమె ఊరు విడిచిపోయింది.

మంత్రగత్తె అన్న నింద వెనక మూఢనమ్మకం ఒక్కటే ఉండదు. చాలాసార్లు భూమి ఉంటుంది. భర్త పోయిన ఆడమనిషి పొలాన్ని బావలు, మరుదులు కాజేయాలనుకుంటే, ఆమెను ఊళ్లో ఉండనివ్వకపోతే చాలు. ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం కింద ఆదివాసీ స్త్రీల వారసత్వంపై సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెబుతూ, ఆ భూమి మీదే బతికే స్త్రీలను వెళ్లగొట్టకూడదంది. కానీ బతుకుతెరువు కోసం భూమిని అంటిపెట్టుకోవాలంటే ముందు ప్రాణాలతో ఊళ్లో ఉండగలగాలి కదా! 2015 ఆగస్టులో రాంచీ దగ్గర మాండర్ ప్రాంతంలోని కంజియాలో ఒకే రాత్రి అయిదుగురు స్త్రీలను డాయన్ నిందతో చంపేశారు.

జంషెడ్‌పూర్‌కు చెందిన ఫ్రీ లీగల్ ఎయిడ్ కమిటీ పోరాటంతో బీహార్ 1999లో డాయన్ నిరోధక చట్టం తెచ్చింది. 2001లో జార్ఖండ్ దాన్ని స్వీకరించింది. దేశంలో ఇలాంటి చట్టాల్లో బీహార్‌దే మొదటిది. అయితే ముద్ర వేసినవాడికి మహా అయితే మూడు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా. హింసించినవాడికి ఆరు నెలలు, రెండు వేలు. పారిపోయిన స్త్రీ ఇల్లు, పొలం ఏమవ్వాలో అందులో ఒక్క మాటా లేదు.

హింసకు భయపడి సొంత దేశంలోనే ఇల్లు వదిలిన ప్రతి ఒక్కరూ నిర్వాసితులేనని ఐక్యరాజ్య సమితి మార్గదర్శక సూత్రాలు 1998లోనే చెప్పాయి. జార్ఖండ్‌లోని చాండిల్ డ్యామ్ నిర్వాసితులకు పునరావాస ప్రయోజనాలు నమోదయ్యే ‘వికాస్ పుస్తిక’ అయినా చేతిలో ఉంది. ఊరు తరిమేసిన స్త్రీకి అదీ లేదు. ఫిర్యాదు అందిన రోజే ఆమె భూమి రికార్డుల్లో మార్పులు నిలిపేయాలి. పోలీసు రక్షణతో ఆమెను ఇంటికి చేర్చాలి.

ఇది జార్ఖండ్ సమస్యే అనుకుని మనం ఊరుకోలేం. ‘చిల్లంగి’ పేరుతో మన్యంలో, ‘బాణామతి’ పేరుతో తెలంగాణలో ప్రాణాలు పోతూనే ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దీనికి ప్రత్యేక చట్టం లేదు. మనం చేసుకునే చట్టంలోనైనా పునరావాసాన్ని మొదటి సెక్షన్లలోనే రాయాలి. ఛుట్నీకి 2021లో పద్మశ్రీ ఇచ్చిన ప్రభుత్వం, ఆమె బీర్‌బాంస్‌లో నడిపే ఆశ్రయ కేంద్రానికి ఆసరా వెతుక్కుంటూ వచ్చే స్త్రీలకు తిరుగుదారి ఇంకా చూపలేదు.