వడగాడ్పు విపత్తు కాదని ఏ చట్టం చెప్పింది?

బట్టమేక పిట్ట కేసులో సుప్రీంకోర్టు 2024 మార్చి 21న ఇచ్చిన తీర్పును ఇప్పటికీ పేదలకు, మహిళలకు దక్కిన వరంగా రాస్తున్నవాళ్లు దాన్ని చివరిదాకా చదివినట్టు లేదు. వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ 14, 21 అధికరణల కింద హక్కేనని ధర్మాసనం అన్న మాట నిజం. ఆ హక్కును వాడింది మాత్రం ఆ పిట్టల రక్షణకు రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు తీగలను భూమిలోంచి వేయాలన్న 2021 నాటి ఆదేశాన్ని సడలించడానికి. ఆ రోజు ఊరట దక్కింది సౌర విద్యుత్తుకు.

పల్నాడుకు వద్దాం. వేసవి వస్తే రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతల పట్టికలో రెంటచింతల పేరు తరచూ పైనే ఉంటుంది. ఆ ఎండల్లోనే మిరప కల్లాలు. కొంగు ముక్కుకు చుట్టుకుని, ఘాటుకు వేళ్లు మండుతుంటే తాలుకాయలు ఏరేది ఎక్కువగా ఆడకూలీలే. పంట 33 శాతం, అంతకు మించి దెబ్బతింటే రైతుకు పెట్టుబడి రాయితీ లెక్క ఒకటుంది. ఎండకు పని మానుకున్న కూలీకి ఏ లెక్కా లేదు. కౌలుకు చేసే ఆడమనిషి పరిస్థితీ అంతంతే: 2019 నాటి రాష్ట్ర పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగు హక్కు పత్రం కావాలంటే భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. అంతకుముందున్న 2011 చట్టంలో ఆ అవసరం ఉండేది కాదు.

ఇదంతా అడిగితే ఇన్నాళ్లూ వచ్చిన జవాబు ఒక్కటే, వడగాడ్పులు జాతీయ విపత్తుల జాబితాలో లేవని. 2021-26 కాలానికి ఆ జాబితాను పెంచాల్సిన పని లేదని 15వ ఆర్థిక సంఘం కూడా అంది. అందులో ఉన్న పన్నెండింటిలో శీతలగాలులు ఉన్నాయి! రెంటచింతలలో ఈ మాట చెప్పి చూడండి.

అసలు ఆ జాబితా ఎక్కడిది? విపత్తు నిధి ఖర్చు నియమాలది. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో జాబితాయే లేదు. అందులో ఉన్నది సెక్షన్ 2(డి) నిర్వచనం: గణనీయంగా ప్రాణనష్టమో, ఆస్తినష్టమో కలిగించి, అక్కడి జనం తమంతట తాము తట్టుకోలేని ఉత్పాతం. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బతో పోయారు. నిర్వచనానికి ఇంకేం తక్కువైంది?

సెక్షన్ 12లో కనీస సాయం ప్రమాణాలున్నాయి. వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లతో పాటు జీవనోపాధి పునరుద్ధరణకు సాయం కూడా అందులోనే ఉంది. ఆ ప్రమాణాలు నిర్ణయించడం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు, విధి అని 2021 జూన్ 30న కోవిడ్ పరిహారం కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. సాయం ఇవ్వడంలో లింగ వివక్ష కూడదని సెక్షన్ 61 అంటుంది. పట్టా చూసి నష్టం కట్టే పద్ధతి పైకి అందరికీ ఒక్కటే. పట్టాల్లో మగవాళ్ల పేర్లు, కల్లాల్లో ఆడవాళ్ల చేతులు ఉన్నచోట అది వివక్షే. పరోక్ష వివక్ష కూడా వివక్షేనని సైన్యంలోని మహిళా అధికారుల కేసులో, అదే 2021లో, సుప్రీంకోర్టే చెప్పింది. నా దృష్టిలో 12, 61 సెక్షన్లు లేకుండా ఆ కొత్త వాతావరణ హక్కు ఉత్త కాగితం.

రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో 10 శాతం దాకా స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో అలాగే వడగాడ్పులను గుర్తించి, మరణానికి 4 లక్షల రూపాయలు ప్రకటించింది. మంచిదే. అయితే ఆ డబ్బు మనిషి పోయాక వచ్చేది. బతికుండగా పోయిన కూలి సంగతి అలాగే ఉంది.

స్విట్జర్లాండ్‌లో వడగాడ్పులకు జడిసిన వృద్ధ మహిళలు స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల కోర్టులో 2024 ఏప్రిల్ 9న గెలిచారని మనవాళ్లు గొప్పగా రాశారు. విడివిడిగా వెళ్లిన నలుగురు మహిళల ఫిర్యాదులను ఆ కోర్టు స్వీకరించలేదనీ, గెలిచింది వారి సంఘమేననీ రాసినవాళ్లు తక్కువ. మనకు సంఘాలకేం కొదవ? గురజాలలోనో మాచర్లలోనో ఒక మండల మహిళా సమాఖ్య 226 అధికరణ కింద హైకోర్టుకు వెళ్లాలి. ఇంకో హక్కు ప్రకటించమని కోరనక్కర్లేదు. సెక్షన్ 12 కింద, కోతల నెలల్లో ఎండ తినేసిన కూలికి లెక్క కట్టమని అడిగితే చాలు.