కొట్టివేసిన అంకె

పిల్లలూ,

ఏటా ఏదో ఒక దేశంలో భూమి శీతోష్ణస్థితి మార్పును గురించి ప్రపంచ దేశాల మహాసభ జరుగుతుంది. సభ దగ్గర పడేకొద్దీ పత్రికల్లోనూ, టీవీలోనూ వాదాలు ముదురుతాయి. భూమి వేడెక్కిపోతున్నదని ఒకరంటారు, అదంతా ఒట్టి హడావుడి అని ఇంకొకరంటారు. ఇద్దరూ పెద్దవాళ్ళే, ఇద్దరూ గట్టిగానే మాట్లాడతారు. మరి వినేవాళ్ళు ఏం చెయ్యాలి? 2009లో జరిగిన ఒక సంగతి చెబుతాను. దానికి ముందు నా సంగతి కూడా ఒకటి చెప్పాలి.

నేను హెడ్మాస్టరునైన కొత్తలో, ఎనిమిదో తరగతిలో నల్లబల్ల మీద చక్రవడ్డీ లెక్క చేస్తున్నాను. వెనక బెంచీ కుర్రవాడు లేచి, "మాస్టారూ, నాలుగో వరసలో అంకెలు తారుమారైనట్టున్నాయండీ," అన్నాడు. "ముందు నీ లెక్క నువ్వు చూసుకో!" అని గద్దించి కూచోబెట్టాను. తరగతంతా నవ్వింది. సాయంత్రం అందరూ వెళ్ళాక చూద్దును గదా, 735 వెయ్యవలసిన చోట 753 వేశాను! మర్నాడు వాణ్ణి పిలిచి, నాదే తప్పని చెప్పి, సుద్దముక్క చేతికిచ్చాను. వాడు ఆ అంకె కొట్టేసి కింది వరసలన్నీ సరిచేశాడు. అప్పుడు ఇంకొకడు లేచి, "అయితే నిన్నటి పాఠమంతా తప్పేనాండీ?" అన్నాడు. కాదురా, తప్పినది అంకె, పద్ధతి కాదు అని నచ్చజెప్పేసరికి గంట కొట్టేశారు.

ఇక 2009 సంగతి. ఆ డిసెంబరులో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో మహాసభ. అక్కడ అందరి చేతిలోనూ ఉండే పెద్ద గ్రంథం ఐపీసీసీ వారి 2007 నివేదిక. ఐపీసీసీ అంటే, ప్రపంచంలోని శాస్త్రజ్ఞుల పరిశోధనలను పరిశీలించి దేశాలకు చెప్పడానికి 1988లో ఏర్పడిన సంఘం. రెండు వేల పేజీలు దాటిన ఆ నివేదికలో ఒకచోట, హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 కల్లా, లేదా అంతకు ముందే, మాయమయ్యే అవకాశం చాలా ఎక్కువ అని ఉన్నది.

హిమానీనదం అంటే తెలుసుగా? కొండల మీద ఏళ్ళ తరబడి పడిన మంచు గడ్డకట్టి, తన బరువుకు తానే మెల్లిగా కిందికి జరిగే మంచునది. మన గోదావరికీ, కృష్ణకూ నీళ్ళిచ్చేవి వానలు. గంగకూ, సింధుకూ వానలతోపాటు ఈ మంచు కూడా ఆధారం. కనక ఆ మాట చదివి ఎంతోమంది భయపడ్డారు.

సభకు ముందు నెలలో మన కేంద్ర పర్యావరణ శాఖ ఒక పత్రం వెలువరించింది. రాసినవారు వి. కె. రైనా, భూగర్భ శాస్త్ర సర్వేలో పెద్ద ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నవారు. మంచునదులు అంత వేగంగా మాయమవుతున్నట్టు కొలతల్లో ఆధారం లేదనీ, అవి తరగడం భూమి వేడివల్లనేనని అప్పుడే చెప్పడం తొందరపాటనీ ఆయన రాశారు. ఐపీసీసీ అధ్యక్షులు దాన్ని తీసిపారేసి మాట్లాడారు. నేను కుర్రవాణ్ణి గద్దించినట్టే!

సభ 7 నుంచి 18 దాకా జరిగింది, ముగిసింది. గ్రంథంలో 2035 అలాగే ఉండిపోయింది. ఇంతలో కెనడాలోని గ్రాహం కాగ్లీ అనే హిమశాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివారూ ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో వెతికారు. 1999లో ఒక శాస్త్రజ్ఞుడు పత్రికతో చెప్పిన మాట ఒక సంస్థ నివేదికలోకి ఎక్కింది, అక్కడినుంచి ఈ గ్రంథంలోకి వచ్చింది. నడుమ ఎవరూ కొలిచి చూడలేదు! అంతకు ముందు, 1996 నాటి మరో పత్రంలో, ధ్రువాలు కాక మిగిలిన చోట్ల మంచునదులు బాగా కుంచించుకుపోయే ఏడాదిగా వేసినది 2350. ఆ అంకెలే తారుమారైనాయేమోనని కొందరు అనుమానించారు. 2010 జనవరి 20న ఐపీసీసీ తప్పు ఒప్పుకున్నది.

వెంటనే, మా తరగతిలో రెండోవాడిలాగా, "అయితే గ్రంథమంతా అబద్ధమే!" అని కొందరు కేకలు వేశారు. నిజమేనా? కాగితం, పెన్సిలు తీసుకోండి.

2019లో శాస్త్రజ్ఞులు పాత గూఢచారి ఉపగ్రహాల ఫోటోలను కొత్తవాటితో పోల్చి, హిమాలయాల్లో 650 మంచునదులను కొలిచారు. 1975 నుంచి 2000 దాకా సగటున ఏడాదికి దాదాపు పావు మీటరు మందం తరిగింది. 2000 తరవాత దాదాపు అర మీటరు. 100 మీటర్ల మందం గల మంచు ఉన్నదనుకోండి. ఏడాదికి అర మీటరు చొప్పున, 2009 నుంచి 2035 దాకా 26 ఏళ్ళలో తరిగేది 13 మీటర్లే. కనక 2035 తప్పు, ప్రశ్న వేసినవారిదే ఒప్పు. కాని పావు మీటరు చొప్పున 400 ఏళ్ళు ఉండవలసిన మంచు, అర మీటరు చొప్పున 200 ఏళ్ళే ఉంటుంది. పల్చటివి ఇంకా ముందే పోతాయి. వేడి పెరగడమే దీనికి ముఖ్య కారణమని ఆ కొలతలు చూపాయి. కనక రైనాగారి రెండో మాట నిలవలేదు. ఒకే మనిషి ఒక మాటలో ఒప్పూ, మరో మాటలో తప్పూ కావచ్చునన్నమాట.

మీలో ఎవరైనా రేపు పెద్దై అలాంటి మహాసభకు వెళ్ళవచ్చు. వెళ్ళేముందు వాదాలన్నీ వినండి. విన్న ప్రతి అంకెకూ మూడు ప్రశ్నలు వెయ్యండి: దీన్ని ఎవరు కొలిచారు? ఎలా కొలిచారు? ఇది తప్పైతే ఇంకా ఏమేమి పడిపోతాయి, ఏమేమి నిలుస్తాయి?

పెద్దలకు కూడా ఒక మనవి. పిల్లవాడు ఇంట్లో మీ మాటలో తప్పు చూపితే గద్దించకండి. నేను తప్పు ఒప్పుకున్నా, ఆ కుర్రవాడు ఆ ఏడాదంతా నా తరగతిలో మళ్ళీ లేచి నిలబడలేదు. ఆ తరవాత నేను నల్లబల్ల మీద ఎన్ని తప్పులు చేశానో, చూసి కూడా వాడు ఎన్నిసార్లు ఊరుకున్నాడో నాకు తెలియదు.